దశమభాగమా, స్వేచ్ఛార్పణా?

చర్చికి (సంఘానికి) ఇచ్చే కానుక ఆదాయంలో పదోవంతైతే దశమభాగం, మనసుకు తోచినంతైతే స్వేచ్ఛార్పణ. జీతం 20,000 అయితే దశమభాగం 2,000. లెక్క తేలిక, కవర్లో పెట్టేస్తే అయిపోయింది. స్వేచ్ఛార్పణకు లెక్క లేదు. ప్రతిసారీ మనసుతో మాట్లాడుకోవాలి, అదే కష్టం.

దశమభాగానికి బైబిల్లో మలాకీ 3:10 వచనం చూపిస్తారు. స్వేచ్ఛార్పణకు 2 కొరింథీ 9:7: సణుక్కోకుండా, ఉత్సాహంగా ఇవ్వమంటాడు పౌలు.

దశమభాగంతో ప్రమాదం: అప్పుల్లో ఉన్నవాళ్లకి టెన్షన్, ఇచ్చినవాళ్లకి గొప్ప. పుదీనాలో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి కనికరం మరిచినవాళ్లను యేసు గద్దించాడు (మత్తయి 23:23).
స్వేచ్ఛార్పణతో ప్రమాదం: జేబులో చిల్లరతో సరిపెట్టేస్తాం. నేనూ అంతే!

నెల జీతగాళ్లకు దశమభాగం నప్పుతుంది. కూలి, పంట మీద బతికేవాళ్లకు స్వేచ్ఛార్పణే మేలు. ఉన్నదాంట్లోంచి ఇవ్వడానికి ఒక ఉదాహరణ: మిజోరంలో 1910 నుంచి క్రైస్తవ ఇళ్లలో వంటకు ముందు పిడికెడు బియ్యం సంఘానికి తీసిపెడుతున్నారు.