బ్రిటిష్ మర్యాద: ఏళ్ల తరబడి వాడాక

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఇంటి తాళాలతో పాటే బ్రిటిష్ మర్యాద కూడా నా చేతికొచ్చింది. ఎలా వాడాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. చుట్టుపక్కలవాళ్లను చూసి నేర్చుకోవాలి. తప్పుగా వాడితే ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పడం అమర్యాద. రోజూ వాడుతూనే ఉన్నాను కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

అన్నిటికంటే గట్టి భాగం క్యూ. ఇంతవరకూ ఒక్కసారి కూడా మొరాయించలేదు. బస్టాపులో ఇద్దరే ఉన్నా ఒకరి వెనక ఒకరే. పబ్‌లో చూడటానికి క్యూ ఉండదు, అందరూ కౌంటర్ పొడవునా ఆనుకుని నిలబడతారు. కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో ప్రతివాడి బుర్రలోనూ లెక్క ఉంటుంది. కౌంటర్ అవతలివాడు ఏం కావాలని పొరపాటున మిమ్మల్ని ముందు అడిగితే 'ఆయన నాకంటే ముందొచ్చారు' అని పక్కాయన్ని చూపించాలి. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి భౌతికకాయాన్ని వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఉంచినప్పుడు థేమ్స్ ఒడ్డున మైళ్ల పొడవున జనం నిలబడ్డారు. క్యూ చివర ఎక్కడుందో ప్రభుత్వమే యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించింది. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ 12 గంటలకు పైగా అందులోనే నిలబడ్డాడు. వీఐపీ బ్రేక్ దర్శనాలు తెలిసిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఇద్దరు టీవీ యాంకర్లు క్యూ దాటి వెళ్లారని పుకారు పుట్టింది. పని మీద వెళ్లామని వాళ్లు మొత్తుకున్నా జనం కోపం చల్లారలేదు.

నా ఫిర్యాదంతా టీ మీద. రుచి సంగతి వదిలేయండి, వేడినీళ్లలో టీ బ్యాగ్ ముంచి చల్లటి పాలు పోస్తే ఇంకేం రుచి వస్తుంది? అసలు గొడవ ఆఫీసు టీ రౌండ్‌తో. మీకు టీ తాగాలనిపిస్తే మీ ఒక్కరికే పెట్టుకోకూడదు. లేచి టీమంతటినీ అడగాలి. ఒకరికి పాలు చుక్కే, ఒకరికి రెండు చెంచాల పంచదార, ఒకరికి రంగు ఇటుకలా ఉండాలి. అందుకని నాలుక పిడచకట్టుకుపోతున్నా ముందు ఎవరూ లేవరు. ఇంకెవరైనా లేస్తారేమోనని స్క్రీన్ వైపే చూస్తూ కూర్చుంటారు. చివరికి ఓపిక తక్కువవాడు, అంటే నేను, ట్రే పట్టుకుంటాను.

ఈ దేశంలో కెటిల్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. 1990 జులై 4న ఫుట్‌బాల్ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయింది. మ్యాచ్ అవగానే ఇళ్లలో కెటిళ్లు పెట్టేసరికి విద్యుత్ వాడకం ఒక్కసారిగా దాదాపు 2,800 మెగావాట్లు పెరిగింది. ఇలాంటి పోటును తట్టుకోవడానికి వేల్స్‌లో కొండ లోపల డినోర్విగ్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. పై చెరువు నీళ్లు కిందికి వదిలి సెకన్లలో కరెంటు ఇస్తుంది.

పాత ఇళ్లలో వేడినీళ్లకొక కుళాయి, చన్నీళ్లకొక కుళాయి. వేడినీళ్లు అటక మీది ట్యాంకు నుంచి వచ్చేవి కాబట్టి తాగేనీళ్లతో కలవకూడదని అలా పెట్టారట. కారణం సబబే. చేతులు మాత్రం ఒకటి కాలుతుంది, ఒకటి కొంకర్లు పోతుంది.

ఇక పక్కింటాయన. ఏళ్లుగా కంచెకు ఇటూ అటూ నిలబడి వాన గురించి మాట్లాడుకుంటున్నాం. ఆయనేం పని చేసేవాడో నాకు తెలియదు. గుంటూరు నుంచి మా నాన్న వచ్చి, బస్సు కోసం ఆయన పక్కన నిలబడి, వచ్చిన ఇంగ్లీషుతోనే మొత్తం రాబట్టేశాడు. రైల్వేలో రిటైరయ్యాడు, ఇద్దరు కూతుళ్లు, మోకాలి ఆపరేషన్. 'పెన్షన్ ఎంతొస్తుందో కూడా చెప్పాడ్రా' అని నాన్న అంటే నాకు చెమటలు పట్టాయి. మర్నాడు ఆయనకు మొహం ఎలా చూపించాలా అని టెన్షన్ పడ్డాను. ఆయనేమో కంచె దగ్గరికొచ్చి 'మీ నాన్నగారు బయటికి రారా?' అని అడిగాడు.

నాన్న వెళ్లిపోయాక కూడా ఆ గాలి పోలేదు. మొన్న పక్కింటాయన వాన గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గొంతు తగ్గించి, మా ఇల్లు ఎంతకు కొన్నానని అడిగాడు. నేను చెప్పేలోపే మూడుసార్లు సారీ చెప్పి, మళ్లీ మబ్బుల వైపు చూశాడు. చెప్పేశాను. కొంచెం ఎక్కువే పెట్టావన్నాడు.