ఫాంటసీ గేముల్లో తిట్లు: పదేళ్ళకు పైగా విన్న తర్వాత నా సమీక్ష

పదేళ్ళకు పైగా నేను ఎక్కువగా ఆడుతున్నవి ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములే. ఒక్కొక్క గేమును వంద గంటలకు తక్కువ కాకుండా, ప్రతి సంభాషణనూ చివరిదాకా వింటూ ఆడే అలవాటు నాది. గ్రాఫిక్స్ గురించీ పోరాట పద్ధతుల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, ఈ సమీక్షలో నేను ఒకే ఒక్క విషయం చూస్తాను: ఆ గేముల్లో పాత్రలు ఒకరినొకరు తిట్టుకునే తీరు. కొన్ని కథా విశేషాలు బయటపెట్టక తప్పదు. ద విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 ఇంకా ముగించనివారు అవి పూర్తయ్యాక ఇటు వస్తే మంచిది.

తెలుగులో తిట్టు వేరు, బూతు వేరు, శాపనార్థం వేరు, ఒట్టు వేరు. ‘నీ దుంప తెగ’ అన్నవాడు బూతు మాట్లాడాడని ఎవరూ అనరు. గేముల రేటింగులకు మాత్రం ఈ వివేచన లేదు. గేములకు రేటింగులిచ్చే వ్యవస్థలు రెండు, అమెరికాలో 1994లో మొదలైన ఈఎస్‌ఆర్‌బీ, ఐరోపాలో 2003లో మొదలైన పెగీ, మాటల విషయంలో ప్రధానంగా బూతునే కొలుస్తాయి. ఈఎస్‌ఆర్‌బీ ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అన్నదంటే అందులో పచ్చి బూతులు ఉన్నాయనో, బూతులు పదేపదే వస్తాయనో అర్థం. పెగీ అయితే మాట తీవ్రతను బట్టి 12, 16, 18 ఏళ్ళ గీతలు గీస్తుంది. కొనే ముందు ఆ ముక్క చూడటం మంచిదే, నేనూ చూస్తాను. కానీ ఇన్నేళ్ళలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన మాటల్లో సగానికి పైగా ఆ కొలతకు అందనివే.

2015 మేలో వచ్చిన ద విచర్ 3తో మొదలుపెడతాను, ఎందుకంటే తిట్లను నేను శ్రద్ధగా వినడం అక్కడే నేర్చుకున్నాను. హాల్లో స్పీకర్లు పెట్టి ఆడటం మొదలుపెట్టి, గంట తిరగకముందే హెడ్‌ఫోన్స్ వెతుక్కున్నాను. యుద్ధం నడిచి వెళ్ళిన పల్లెలు, ఆకలి, ఎవరిని నమ్మాలో తెలియని జనం: వాళ్ళ నోళ్ళు అలాగే ఉంటాయి. ఎఫ్‌తో మొదలయ్యే ఆ ప్రసిద్ధమైన మాట ఈ గేములో కావలసినంత ఉంది. అయితే దాని పక్కనే మరొక మాట వినిపిస్తుంది, ‘ప్లౌ’ అని. దున్నడం అని దాని అర్థం. ఇంగ్లీషు కూర్పులోని రైతులు, సైనికులు, తాగుబోతులు ఆ క్రియనే బూతుగా వాడతారు, విశేషణంగా మార్చి ప్రతి నామవాచకానికీ ముందు తగిలిస్తారు. మొదట నాకు నవ్వు వచ్చింది. పాతిక గంటలు గడిచేసరికి అది ఆ మట్టిలోనే మొలిచిన మాటలా అనిపించింది. నాగలి తప్ప మరో పనిముట్టు ఎరుగని మనిషికి కోపం వస్తే, ఆ కోపం నాగలి పేరుతోనే బయటికి రావడంలో వింత ఏముంది?

ఆ గేములోనే వెలెన్ ప్రాంతాన్ని ఏలే ఫిలిప్ స్ట్రెంగర్ అనే మనిషి ఉన్నాడు. అందరూ అతన్ని బ్లడీ బ్యారన్ అంటారు. తాగుబోతు, భార్యను కొట్టినవాడు, నోరు తెరిస్తే మర్యాద తెలియనివాడు. అతని భార్యకు గర్భస్రావమైనప్పుడు పేరైనా పెట్టకుండా పూడ్చిన పిండం, బాచ్‌లింగ్ అనే పిశాచమై తిరిగి వస్తుంది. దాన్ని చంపవచ్చు; లేదా తండ్రి చేతనే ఎత్తించి, నడిపించి, గడప దగ్గర పాతిపెట్టించి శాంతింపజేయవచ్చు. రెండో దారిలో అతడు దాన్ని చేతుల్లోకి తీసుకుని, డియా అని పేరు పెట్టి, కూతురిగా స్వీకరిస్తున్నానని చెప్పాలి. అంతసేపూ మొరటుగా మాట్లాడిన మనిషి గొంతు ఆ క్రతువు మాట దగ్గర తడబడుతుంది. ఆ వాక్యంలో ఒక్క తిట్టు కూడా లేదు. అంతకుముందు అతని నోట అంత మురికి విని ఉండకపోతే, ఆ శుభ్రమైన వాక్యం నాకు అంత బరువుగా తగిలేది కాదు. రెండోసారి ఆడినప్పుడు ఆ ఘట్టం ముందే తెలుసు. అయినా ఆ చోట కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను.

ఇక అసలైన ఫిర్యాదు ఒకటి ఉంది, దాని పేరు చెప్పను. ఒక పెద్ద గేములో ఊరి వీధుల్లో నిలబడే కాపలావాళ్ళు మనం పక్కనుంచి నడిచిన ప్రతిసారీ ఒక తిట్టు విసురుతారు. రికార్డు చేసిన వాక్యాలు తక్కువ, మనం నడిచే దారులు ఎక్కువ. ఒక సాయంత్రం అంగడికీ నా సామాను పెట్టెకూ మధ్య తిరుగుతూ, ఒకే బూతును ఒకే గొంతుతో, ఒకే విరుపుతో పద్నాలుగు సార్లు విన్నాను. మొదటిసారి విన్నప్పుడు అది ఆ ఊరి స్వభావం. ఐదోసారికి రేడియో ప్రకటన. పద్నాలుగోసారికి తలుపు కిర్రుమన్న చప్పుడు. దాని మీద మరో కష్టం ఏమిటంటే, సెట్టింగుల్లో నగ్నత్వం కనిపించకుండా దాచే మీట ఉంది, రక్తాన్ని తగ్గించే మీట ఉంది, తిట్లను మాత్రం ఆపే మీట లేదు. చివరికి నేను మాటల శబ్దాన్ని సగానికి తగ్గించి, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ ఆడాను. గొంతు నటులు పడ్డ కష్టమంతా దానితో వృథా అయింది.

కల్పిత తిట్ల సంగతి ఇంతకంటే ఆసక్తికరమైనది. ఒకప్పుడు ఇవి నిర్బంధం వల్ల పుట్టాయి. 1994లో సూపర్ నింటెండో మీద ఫైనల్ ఫాంటసీ 6 ఇంగ్లీషులో వచ్చినప్పుడు నింటెండో బూతులను అనుమతించేది కాదు. అందుకే కెఫ్కా అనే విదూషకుడిలాంటి దుర్మార్గుడు ‘సన్ ఆఫ్ ఎ సబ్‌మెరైనర్’ అని తిట్టి ఊరుకోవలసి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, నిజమైన బూతు అని ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు. ఈ జలాంతర్గామివాడి కొడుకును మాత్రం ముప్పై ఏళ్ళుగా జనం తలచుకుంటూనే ఉన్నారు. అదే వరుసలో 2023లో వచ్చిన 16వ గేము ఈఎస్‌ఆర్‌బీ నుంచి పదిహేడేళ్ళు నిండినవారికి తగిన ‘ఎమ్’ రేటింగు తీసుకుంది, పాత్రలు ధారాళంగా బూతులు మాట్లాడతాయి. వాటిలో ఒక్కటీ నాకు ఇప్పుడు గుర్తు లేదు.

నిర్బంధం లేకపోయినా కల్పిత తిట్లను శ్రద్ధగా అల్లినవారు ఉన్నారు. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో జనం ‘మేకర్స్ బ్రెత్’ అంటూ సృష్టికర్త ఊపిరి మీద ఒట్టు పెట్టుకుంటారు, తమ మత ప్రవక్త ఆండ్రాస్టే పేరుకు మంటను చేర్చి అరుస్తారు. ఆమెను సజీవంగా దహనం చేశారన్న సంగతి నాకు గేములోని పుస్తకాల్లో దొరకకముందే ఆ ఒట్లలో దొరికింది. మత చరిత్ర నేర్పడానికి ఇంతకంటే చవకైన పాఠం ఉండదు. బాల్డర్స్ గేట్ 3లో లేజెల్ అనే యోధురాలు ‘చ్‌క్’ అని గొంతులో విరిచే శబ్దం మన ‘ఛీ’కి అక్కచెల్లెలే. దానికి అర్థం అడగవలసిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు. తిట్టుకు ముందు కావలసింది నోటికి పట్టే ధ్వని, అర్థం ఆ తర్వాత. ఈ సంగతి తెలియనివారు చేసిన తిట్లు కూడా చాలా విన్నాను. ఇంగ్లీషు బూతులో ఒక అక్షరం మార్చి, మధ్యలో ఒక అపాస్ట్రఫీ కొక్కెం పెట్టి, ఇది మా లోకపు భాష అంటే ఎవరు నమ్ముతారు? వేషం మార్చినా బూతు బూతుగానే వినిపిస్తుంది, పైగా పిరికిగా వినిపిస్తుంది.

తిట్టే ఆయుధమైన గేములు నాకు ప్రత్యేకంగా ఇష్టం. 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో గాలిలో తేలే మోర్ట్ అనే పుర్రె మన తోడుగా ఉంటుంది. అది శత్రువులను తిట్టి రెచ్చగొడుతుంది. ఊళ్ళో ఎవరైనా మనల్ని కొత్త రకంగా తిడితే ఆ తిట్టును నేర్చుకుని మరింత పదును తేలుతుంది. దానికోసం నేను పనిగట్టుకుని నోటి దురుసున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి తిట్లు తిని వచ్చాను. బాల్డర్స్ గేట్ 3లో గాయకుడి పాత్రకు ‘విషస్ మాకరీ’ అనే చిన్న మంత్రం ఉంటుంది. ఎత్తిపొడుపు మాట విసిరితే, ఎదుటివాడు తట్టుకోలేకపోతే, నాలుగు ముఖాల పాచిక ఒకటి వేసినంత నష్టం అతని మనసుకు తగులుతుంది, అతని తర్వాతి దెబ్బ గురి కూడా తప్పే అవకాశం పెరుగుతుంది. ఒకసారి నా బృందంలో మిగతావారంతా నేలకూలిన తర్వాత, కొన ఊపిరితో ఉన్న ఒక గోబ్లిన్‌ను నేను ఒక వెక్కిరింతతో చంపాను. మాట పడి చచ్చాడన్న సామెత లాంటి మాటకు అంతకంటే అక్షరాలా నిదర్శనం నేను చూడలేదు.

అదే గేములో కార్లాక్ గురించి చెప్పకపోతే నా లెక్కలో తేడా వస్తుంది. కల్పిత తిట్ల మీద ఇంత మోజు ఉన్న నేను, మన వీధుల్లో వినిపించే మామూలు ఇంగ్లీషు బూతులే మాట్లాడే ఈ పాత్రను మొదట పెద్దగా లక్ష్యపెట్టలేదు. తాను నమ్మిన గోర్టాష్ చేతనే అమ్ముడుపోయి, పదేళ్ళు నరకంలో యుద్ధం చేసి, గుండె స్థానంలో మండే యంత్రంతో తిరిగి వచ్చిన మనిషి ఆమె. ఎవరినీ ముట్టుకోలేదు, ముట్టుకుంటే కాలిపోతారు. ఆమె సంతోషంతో తిడుతుంది, ఆకాశం చూసి తిడుతుంది, స్నేహంతో తిడుతుంది. చేతితో తట్టలేని మనిషి మాటతో భుజం తడుతున్నట్టు ఉంటుంది. గోర్టాష్ చచ్చిన తర్వాత తనకు బతకాలని ఉందంటూ ఆమె విరిగిపోయే ఘట్టంలో అదే నోరు, అదే గొంతు, కానీ ఆ ఉల్లాసం అంతా ఇంకిపోయి ఉంటుంది. గొంతు ఇచ్చిన సమంతా బెయార్ట్ ఆ తేడాను ఎలా పట్టుకుందో తెలియదు కానీ, పాత బూతుతో కూడా కొత్త పని చేయించవచ్చని నేను ఒప్పుకోవలసి వచ్చింది.

ఇక రేటింగుల కొలతకు అందని మాటలు. డ్రాగన్ ఏజ్‌లో మొనదేలిన చెవులున్న ఎల్ఫ్ జాతివారిని మనుషులు ‘నైఫ్ ఇయర్’ అంటారు, కత్తిచెవి అని. ఎల్ఫ్‌లు మనుషులను ‘షెమ్లెన్’ అంటారు. తొందరగా గడిచిపోయే పిల్లలు అని దాని మూలార్థం, ఒకప్పుడు చావు ఎరుగని జాతి మన కొద్దిపాటి ఆయుష్షును చూసి పెట్టిన పేరు. రెండింటిలోనూ బూతు లేదు, రెండూ పుట్టుకను ఎత్తి అనే మాటలు. నగరపు ఎల్ఫ్‌గా గేము మొదలుపెడితే, పెళ్ళి రోజున ప్రభువు కొడుకు గోడల మధ్యనున్న ఆ వాడలోకి వచ్చి మాట్లాడే తీరు వింటే చాలు, ఆ లోకంలో ఎవరు ఎవరి కింద ఉన్నారో అర్థమవుతుంది. ద విచర్ 3లో వందల బూతులు నా చెవిన పడి జారిపోయాయి. ఈ రెండు మాటలు జారలేదు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే, పిల్లలున్న ఇంట్లో హెడ్‌ఫోన్స్ వాడమనీ, మొదటి రెండు గంటలు ఒంటరిగా ఆడి చూడమనీ చెబుతాను. రేటింగు చీటీని నమ్మి ఊరుకోవద్దని కూడా చెబుతాను, నేను అలా ఊరుకుని దెబ్బతిన్నాను. 2011లో వచ్చిన స్కైరిమ్‌కు ఈఎస్‌ఆర్‌బీ రాసిన హెచ్చరికల్లో రక్తం, హింస, లైంగిక ప్రస్తావనలు, మద్యం ఉన్నాయి. భాష గురించి ఒక్క ముక్క లేదు, నిజానికి బూతులు కూడా చెప్పుకోదగినన్ని లేవు. పదిహేడేళ్ళు నిండిన మా అక్క కొడుకు ఆడతానంటే, మాటల విషయంలో భయం లేదు కదా అని హాల్లోనే, స్పీకర్ల మీదే పెట్టి ఇచ్చాను.

మూడో రోజు వాడు విండ్‌హెల్మ్ నగర ద్వారం దాటాడు. లోపల అడుగు పెట్టగానే రోల్ఫ్ స్టోన్-ఫిస్ట్ అనే స్థానికుడు ఒక డార్క్ ఎల్ఫ్ స్త్రీని అడ్డగించి, వాళ్ళ ఒంటి రంగును ఎత్తి చూపుతూ, మీవాళ్ళంతా గూఢచారులని నిలదీస్తున్నాడు. ఒక్క బూతు లేదు. మా వాడు కదలకుండా నిలబడి మొత్తం విన్నాడు. “మామయ్యా, ఈమెను ఎందుకు అలా అంటున్నాడు?” అని అడిగాడు. వాళ్ళు వలస వచ్చినవాళ్ళనీ, ఊళ్ళో వాళ్ళకు వేరే వాడ ఉందనీ చెప్పాను. వాడు ఇంకేమీ అడగకుండా రోల్ఫ్ దగ్గరికి నడిచి మాట కలిపాడు, మాటకు మాట పెరిగింది, వంద బంగారు నాణేల పందెం మీద ముష్టియుద్ధానికి దిగాడు. రెండుసార్లు ఓడి, సేవ్ చేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టి, మూడోసారి వాణ్ణి మోకాళ్ళ మీద కూలదోశాడు.