స్టఫింగ్: టర్కీ కడుపులోనా, ట్రేలోనా?

నవంబర్ మొదలైతే చాలు, డల్లాస్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే గోల. అమెరికాలో టర్కీ కోడిని కాల్చి అందరూ కలిసి తినే పండగ థాంక్స్‌గివింగ్. అది నవంబర్ నాలుగో గురువారం అని 1941లోనే చట్టం చేసి పెట్టారు కాబట్టి తేదీ మీద చర్చ ఉండదు. చర్చంతా తిండి మీదే. టర్కీ ఎవరిది, బిర్యానీ ఎవరిది, శాకాహారులు ఎంతమంది. స్టఫింగ్ మాత్రం ఎవరూ అడగకుండానే నా పేరు పక్కన పడిపోతుంది. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. మొదటి రెండేళ్ళూ తప్పుగా చేశాను. మిగతా తొమ్మిదేళ్ళూ ప్రతిసారీ ఏదో ఒకటి మార్చి చూశాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఎండబెట్టిన బ్రెడ్ ముక్కల్లో వెన్నలో వేయించిన ఉల్లిపాయ, సెలరీ వేసి, సేజ్, థైమ్ ఆకులు కలిపి, కోడి బ్రాత్ (మాంసం, ఎముకలు మరిగించి తీసిన రసం), గుడ్డు పోసి ఓవెన్‌లో కాలుస్తారు. మా ఇంట్లో దానికి సాసేజ్ (మసాలా కలిపి తొడుగులో కూరిన కీమా), ఎండిన పళ్ళు కూడా తోడవుతాయి. ఓ ఏడాది అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే ఉంది. పొద్దున్నుంచి నా పరుగులు చూసి, "బ్రెడ్ ఉప్మాకి ఇంత హడావిడేంటే?" అంది. పూర్తిగా తప్పని కూడా అనలేను.

అసలు పేచీ ఒక్కటే. దీన్ని టర్కీ కడుపులో కూరి కాల్చాలా, విడిగా ట్రేలో పెట్టి కాల్చాలా? పేరులోనే కూరడం ఉంది కాబట్టి కూరితేనే స్టఫింగ్ అనేవాళ్ళున్నారు. ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం డ్రెస్సింగ్ అంటారు, ట్రేలోనే చేస్తారు. మా పక్కింటి పెద్దావిడ పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే. ఆవిడ దగ్గర స్టఫింగ్ అంటే, "అది దిండుల్లో కూరేది కదమ్మా" అంటుంది.

కూరినదాని రుచి గురించి అబద్ధం చెప్పను. చాలా బాగుంటుంది. పిట్ట కాలుతున్నంతసేపూ కారే రసమంతా బ్రెడ్‌లోకి దిగుతుంది. చెంచాతో తీస్తే మెత్తగా, బరువుగా వస్తుంది. ఆ రుచి ఒకసారి నాలుకకి తగిలినవాళ్ళు ట్రేలో చేసినదాన్ని రెండో రకంగానే చూస్తారు.

గొడవంతా ఆ రసంతోనే. లోపలికి దిగేది మొదట్లో పచ్చి మాంసం రసం, అందులో సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. అందుకే పిట్ట మాంసమే కాదు, కడుపులో ఉన్న బ్రెడ్ నడిమధ్య కూడా 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్, చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. వేడి అన్నిటికంటే ఆఖరున చేరేది అక్కడికే. అది చేరేదాకా ఆగితే రొమ్ము మాంసం ఎప్పుడో దాటిపోయి పీచులా ఎండిపోతుంది. గుత్తివంకాయలో కూరిన కారం కాస్త పచ్చిగా ఉంటే రుచే చెడుతుంది, ఇక్కడ పదిహేనుమంది కడుపులు చెడతాయి.

నా మొదటి ఏడాది అదే జరిగింది. పద్నాలుగు పౌన్ల పిట్ట. తొడ దగ్గర థర్మామీటర్ పెడితే 170 చూపించింది. సంబరంగా బయటికి తీసి బల్ల మీద పెట్టాక, ఎందుకో అనుమానం వచ్చి కడుపు మధ్యలో గుచ్చితే 140. అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. గరిటెతో బ్రెడ్డంతా తోడి ట్రేలో వేసి, మళ్ళీ ఓవెన్‌లోకి తోసి, అరగంట సేపు అందరికీ గారెలు పెట్టి కూర్చోబెట్టాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. రెండో ఏడాది ఆ భయంతో ఇంకో గంట ఎక్కువ ఉంచాను. బ్రెడ్ బాగుంది. టర్కీని మాత్రం గ్రేవీలో ముంచి మింగారు.

సమయం లెక్క కూడా చూడండి. 325 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 పౌన్ల టర్కీకి ఖాళీ కడుపుతో మూడు నుంచి మూడుంపావు, మహా అయితే మూడు ముప్పావు గంటలు పడుతుంది. కూరితే మూడున్నర నుంచి నాలుగు. బ్రెడ్ ఉబ్బుతుంది కాబట్టి దట్టంగా కుక్కకూడదు. పౌనుకి ముప్పావు కప్పు లెక్కన పన్నెండు పౌన్ల పిట్టకి తొమ్మిది కప్పులకు మించకూడదు. పదిహేనుమందికి అది ఏ మూలకి? ఎలాగూ ఇంకో ట్రే పెట్టాలి. ఇంకో తలనొప్పి, ముందురోజు రాత్రి కూరి ఫ్రిజ్‌లో పెట్టే వీల్లేదు. కాల్చేముందే కూరాలి. పొద్దున్నే లేచి చల్లటి పిట్ట కడుపులో చెయ్యి పెట్టడం ఎవరికి సరదా?

ట్రే పక్షాన ఇంకో మాట ఉంది. కూరినది అంతా మెత్తనే. ట్రేలోది పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మూలలు ఇంకా బాగుంటాయి. గిన్నె అడుగున మాడు చెక్క కోసం మేం చిన్నప్పుడు ఎలా కొట్టుకునేవాళ్ళమో, మా పిల్లలు ఇక్కడ ట్రే మూలల కోసం అలా కొట్టుకుంటారు.

ఓవెన్ ఒకటే ఉంటే ట్రేకి చోటెక్కడ అంటారు. న్యాయమైన ప్రశ్నే. టర్కీని బయటికి తీశాక కోయడానికి ముందు అరగంట పైనే ఆగాలి. ట్రేని ఫాయిల్ కప్పి ఆఖరి అరగంట టర్కీ కింది అరలో పెట్టి, టర్కీ బయటికి రాగానే వేడి 350కి పెంచి, ఫాయిల్ తీసి ఇంకో ఇరవై అయిదు నిమిషాలు ఉంచితే రెండూ ఒకేసారి బల్ల మీదికి వస్తాయి. కింది అరలోనే ఎందుకంటే, పైన ఉంటే టర్కీకి వేడి సరిగ్గా తగలదు.

మరి పిట్ట రసం రుచి? దాన్ని వేరే దారిలో తెచ్చుకోవచ్చు. టర్కీ కడుపులో ఓ సంచీలో మెడ, గుండె, కార్జం పెట్టి ఇస్తారు. కార్జం తీసేసి (చేదు దిగుతుంది) మిగతావి ఉల్లిపాయ, బిర్యానీ ఆకు వేసి రెండు గంటలు సన్నటి మంట మీద మరిగిస్తే వచ్చే బ్రాత్ ముందు డబ్బా బ్రాత్ నిలవదు. ఫాయిల్ తీసేటప్పుడు టర్కీ ట్రేలో చేరిన రసం నాలుగు చెంచాలు పైన చల్లుతాను. ఈ రెండూ చేశాక కూరిందే కావాలని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. కాబట్టి నా ఓటు ట్రేకే, అనుమానం లేకుండా.

ఇక బ్రెడ్. నిలవ బ్రెడ్ వాడాలా, ఓవెన్‌లో ఆరబెట్టాలా అన్నది చాలామంది పట్టించుకోరు గానీ, ముద్దగా వచ్చిందని ఏడ్చేవాళ్ళలో సగంమంది తప్పు ఇక్కడే. రెండు రోజులు కవర్‌లో ఉన్న బ్రెడ్ గట్టిపడుతుంది, కానీ ఎండదు. లోపలి పిండిపదార్థం బిగుసుకుంటుందే తప్ప తడి పెద్దగా పోదు. తడి పోకపోతే బ్రాత్‌కి చోటుండదు. ముక్కలు కోసి 275 డిగ్రీల దగ్గర ముప్పావు గంట, మధ్యలో ఓసారి కలుపుతూ ఆరబెడితే రస్కులా అవుతుంది. అప్పుడు ఎంత బ్రాత్ పోసినా పీల్చుకుని ముక్కగానే నిలబడుతుంది.

తెల్ల బ్రెడ్డా, కార్న్‌బ్రెడ్డా (మొక్కజొన్న పిండితో చేసేది) అంటే, మా పక్కింటావిడ వింటే నొచ్చుకుంటుంది గానీ, ఎండిన పళ్ళు వేసేటట్టయితే నేను కార్న్‌బ్రెడ్ వాడను. ఆవిడ ఇంట్లో ఇనప మూకుడులో, చక్కెర లేకుండా చేస్తుంది. అది వేరే లోకం, సాసేజ్‌తో అమోఘం. మనకి దొరికే డబ్బా మిక్స్‌లలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. దాని మీద పళ్ళ తీపి, ఆపైన క్రాన్‌బెర్రీ సాస్ కూడా పక్కన చేరితే భోజనమా, ఫలహారమా తెలియదు. పైగా కార్న్‌బ్రెడ్ విరిగి పొడైపోతుంది. గట్టి పెచ్చున్న ఇటాలియన్ బ్రెడ్డో, కాస్త పులుపున్న సవర్‌డో బ్రెడ్డో మేలు.

సాసేజ్ దగ్గరికి వస్తే ముందు మన ఇళ్ళ సంగతి. వచ్చేవాళ్ళలో పంది మాంసం తిననివాళ్ళు తప్పకుండా ఉంటారు. చికెన్ సాసేజ్ అని రాసుంది కదా అని తెచ్చేయకండి, లేబుల్ తిప్పి చదవండి. మాంసం కోడిదే అయినా పైతొడుగు పందిది అయ్యే రకాలున్నాయి. నాకీ సంగతి మూడో ఏడాది గానీ తెలియలేదు, అదీ వడ్డించడానికి గంట ముందు.

రుచి మాత్రమే చూస్తే పంది సాసేజ్‌దే పైచెయ్యి. కారణం కొవ్వు. పైతొడుగు తీసేసి మూకుట్లో చిదిమి ఎర్రగా వేయించాక, అడుగున మిగిలిన కొవ్వులోనే ఉల్లి, సెలరీ వేయించవచ్చు. చికెన్‌లో అది ఉండదు, వెన్న ఎక్కువ పడుతుంది. చికెన్‌లో కూడా పచ్చిగా అమ్మేది కొనండి. ముందే ఉడికించి అమ్మేది చిదమడానికి రాదు, బిళ్ళలుగా కోస్తే బ్రెడ్‌లో కలవకుండా విడిగా తేలుతుంది. దేన్ని వాడినా పూర్తిగా వేయించాకే బ్రెడ్‌లో కలపాలి.

బ్రేక్‌ఫాస్ట్ సాసేజ్‌లో సేజ్ వాసన ముందే ఉంటుంది, అమెరికన్ల నాలుకకి పండగ వాసన అదే. నాకు ఇటాలియన్ సాసేజ్ దగ్గరగా అనిపిస్తుంది, అందులో ఉండేది మన సోంపే కాబట్టి. స్వీట్ ఇటాలియన్ అంటే తియ్యగా ఉంటుందని మొదట్లో భయపడ్డాను. కారం లేనిదని మాత్రమే అర్థం. హాట్ అన్నదాంట్లో ఎండుమిరప తునకలుంటాయి. పళ్ళ తీపికి అదే సరైన జోడీ. మా వాళ్ళకి హాట్ పెడతాను, ఇంటికి ఆఫీసు స్నేహితులొస్తే సగం సగం. థైమ్ అయిపోతే చిటికెడు వాము నలిపి వేయండి. రెండింటి వాసనకీ మూలం థైమాలే. చిటికెడు దాటితే మాత్రం వాము అన్నం తిన్నట్టే ఉంటుంది.

ఎండిన పళ్ళంటే ఇక్కడ జీడిపప్పు, బాదం లెక్కలోకి రావు, పళ్ళే. ఉప్పటి వంటలో తీపి పండేంటని మొహం చిట్లించేవాళ్ళు ప్రతిసారీ ఒకరిద్దరుంటారు. పులావ్‌లో కిస్మిస్ ఏరి పళ్ళెం అంచున పెట్టే జాతి. వాళ్ళకి బెల్లం ఆవకాయ గుర్తు చేస్తాను. ఉప్పు, కారం ఉన్నచోట తీపికి పనుంటుంది.

అందరూ వేసేది క్రాన్‌బెర్రీ. రంగు బాగుంటుంది. అయితే ఆ కాయ సహజంగా మహా పులుపు కాబట్టి ఎండబెట్టేటప్పుడు చక్కెర పట్టిస్తారు, చివరికి తీపి ముందు తెలిసి పులుపు వెనకపడుతుంది. పక్కన క్రాన్‌బెర్రీ సాస్ ఎలాగూ ఉంటుంది, రెండుసార్లు ఎందుకు? ప్రూన్స్ బ్రాత్ తగిలితే కరిగిపోయి బ్రెడ్‌ని నల్లగా చేస్తాయి. మిషిగన్ పుల్ల చెర్రీలు చాలా బాగుంటాయి, ధర చూసి చేతిలో పట్టుకున్నది మళ్ళీ అరలో పెట్టేస్తాను.

నా చెయ్యి వెళ్ళేది ఆప్రికాట్‌కే. హైదరాబాద్‌లో పెళ్ళిభోజనాలు చేసినవాళ్ళకి ఖుబానీ కా మీఠా తెలుసు కదా, ఆ ఖుబానీయే ఇది. ఇక్కడ రెండు రకాలు దొరుకుతాయి. టర్కీ దేశానిది (ఈ వంటలో ఆ పేరు రెండోసారి రావడం నా తప్పు కాదు) గుండ్రంగా, మెత్తగా, తీపి ఎక్కువ. కాలిఫోర్నియాది సగం ముక్కలుగా, పులుపు ఎక్కువ. సాసేజ్ కొవ్వుని కోసేది ఆ పులుపే, కాబట్టి కాలిఫోర్నియాది తీసుకోండి. శనగగింజంత ముక్కలుగా కోసి, వేడి బ్రాత్‌లో పది నిమిషాలు నానబెట్టి కలపండి. నానబెట్టకపోతే పైన తేలిన ముక్కలు మాడి పళ్ళకి అంటుకుంటాయి.

నా కొలతలు: పౌను బ్రెడ్, పౌను సాసేజ్, రెండు ఉల్లిపాయలు, నాలుగు సెలరీ కాడలు, ఒక కడ్డీ (అరకప్పు) వెన్న, కప్పు పళ్ళు, రెండు గుడ్లు, రెండున్నర నుంచి మూడు కప్పుల బ్రాత్. తొమ్మిది బై పదమూడు అంగుళాల ట్రేకి సరిపోతుంది. ఉప్పు ఆఖరున, రుచి చూసి, గుడ్డు కలపకముందు. సాసేజ్‌లో ఉప్పుంటుంది, డబ్బా బ్రాత్ వాడితే అందులోనూ ఉంటుంది.

ఇంత ఓపిక లేనివాళ్ళకి డబ్బా స్టఫింగ్ ఉంది. స్టవ్ టాప్ అని 1972లో జనరల్ ఫుడ్స్ కంపెనీ బజారులోకి తెచ్చింది. వెనకున్నది రూత్ సీమ్స్ అనే ఆవిడ. బ్రెడ్ తునక ఎంత సైజులో ఉంటే వేడినీళ్ళు తగిలినా ముద్దవదో పట్టుకోవడమే అందులోని కిటుకు. మామూలు రోజున తప్పు లేదు. పండగరోజు అదే దిక్కయితే వేయించిన సాసేజ్, గుప్పెడు ఆప్రికాట్ కలిపి పది నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి, ఎవరూ అడగరు.

శాకాహారులకి వేరే ట్రే, వేరే గరిటె. సాసేజ్ బదులు పుట్టగొడుగులు బాగా ఎర్రబడేదాకా వేయించి, సోంపు, ఎండుమిరప తునకలు వేస్తే ఆ వాసన చాలావరకూ వచ్చేస్తుంది. బ్రాత్ కూడా కూరగాయలదే పోయాలి, చాలామంది మర్చిపోయేది అదే. గుడ్డు తిననివాళ్ళుంటే గుడ్డు మానేసి అరకప్పు బ్రాత్ ఎక్కువ పోస్తాను, కాస్త విడివిడిగా వస్తుంది అంతే.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. శుక్రవారం పొద్దున పెనం మీద నూనె రాసి, దాన్ని దిబ్బరొట్టెలా అణిచి, రెండువైపులా ఎర్రగా కాల్చి పైన గుడ్డు కొట్టి వేస్తాను. అమ్మ ఆ ఏడాది తన పుట్టగొడుగుల ట్రేలోది అలాగే కాల్పించుకుని, గుడ్డు వద్దని, పక్కన ఆవకాయ వేసుకుని తింది.