కడప మ్యాచింగ్ సెంటర్లలో మూడు రకాల లంగాలు: నలభై దాటిన నడుముకు ఏది నిలుస్తుంది?

చీర సరిగ్గా కుదరకపోతే నింద ముందు ఒంటి మీద పడుతుంది, ఆ తర్వాత చీర మీద. లోపల కట్టిన లంగా జోలికి ఎవరూ పోరు. నడుము ముప్పై రెండు అంగుళాలు ఉన్నవాళ్లకు ఏ లంగా అయినా నడిచిపోతుంది. నలభై దాటితే కుచ్చిళ్లు జారడం, పొట్ట మీద గుడ్డ గుట్టగా లేవడం, గంటకోసారి చాటుకు పోయి చీర సర్దుకోవాల్సి రావడం అన్నీ అక్కడే మొదలవుతాయి. పదివేల చీర మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు దాని కింద లంగా మీద పెట్టరు.

కడప వై.వి. స్ట్రీట్‌లో మ్యాచింగ్ సెంటరు మెట్లెక్కితే ఇప్పుడు మూడు దారులు కనిపిస్తాయి. వరసగా పేర్చిన ఫ్రీ సైజు బొందు లంగాలు, అట్టపెట్టెల్లో షేప్‌వేర్ (ఒంటికి బిగుతుగా పట్టే సాగే లంగాలు), కొలిచి కుట్టించుకోవడానికి తాన్ల మీద పాప్లిన్ అనే నూలు గుడ్డ. ఈ మూడింటినీ 40 నుంచి 48 అంగుళాల నడుముకూ, ఇక్కడి ఏప్రిల్ ఎండకూ ఆనించి చూస్తే తేలే మాట ముందే చెప్పేయొచ్చు. కొలిచి కుట్టించిన నూలు లంగాను మిగతా రెండూ అందుకోలేవు. షేప్‌వేర్‌తో మూడు నాలుగు గంటల పని మాత్రమే ఉంది. ఫ్రీ సైజుది తక్కువ ధర అన్న ఒక్క గుణమే.

ఫ్రీ సైజు సంగతి తొందరగా తేల్చేద్దాం. "అందరికీ సరిపోతాది అక్కా, బొందుంది గదా" అంటాడు అంగడాయన. బొందు ఎక్కువైన గుడ్డను దగ్గరికి లాగుతుంది గానీ, తక్కువైన గుడ్డను ఎక్కడి నుంచి తెస్తుంది? టేపు అడిగి, లంగా నడుము పట్టీని బల్ల మీద ముడతల్లేకుండా పరిచి కొలవండి. అడ్డం 20 వస్తే చుట్టు 40. మీ నడుము 45 అయితే ఆ ఐదంగుళాలూ పక్క చీలిక దగ్గర నోరు తెరుస్తాయి. చీర మొదటి దోపు సరిగ్గా ఆ సందులో పడుతుంది, పట్టుకోవడానికి గుడ్డ ఉండదు, ఆ పక్క జారుతుంది. దీనికి తలకిందులు కూడా ఉంది. నడుము 40, లంగా 50 అయితే పది అంగుళాల గుడ్డ బొందు మీద ముడతలు ముడతలుగా పోగుపడి, దాని మీద చీర రెండు చుట్లు తిరుగుతుంది. అద్దంలో కనిపించేది పొట్ట కాదు, ఆ పోగు. ఇప్పటికే కొని పెట్టుకున్న లంగా అలాంటిదైతే, బొందు ముడి వేశాక ముందున్న ముడతలన్నీ వేళ్లతో వీపు వైపు తోసేసి పొట్ట మీద గుడ్డ చదునుగా ఉంచండి. ముడి బొడ్డు మీద వద్దు, పక్కకు జరగాలి.

ముడతల వల్ల కుచ్చిళ్లు కూడా తగ్గుతాయి. ఐదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాలు. సీటు (పిరుదుల చుట్టు కొలత) 50 ఉన్నవాళ్లకు మొదటి చుట్టుకు 50, పైట వైపు తిరిగే రెండో చుట్టుకు ఇంచుమించు ఇంకో 50, పైటకూ కొంగుకూ కలిపి 65 దాకా పోతే చేతిలో మిగిలేది 50. ఐదంగుళాల కుచ్చి ఒక్కోటి పది అంగుళాలు తింటుంది కాబట్టి వచ్చేవి ఐదే. లోపలి మడతలు చుట్టుకు రెండేసి అంగుళాలు పెంచాయంటే అరకుచ్చి పోయినట్టే. చదునైన లంగా మీద కుచ్చిని నాలుగు అంగుళాలకు కుదిస్తే అదే గుడ్డలో ఆరు పడతాయి, మనిషి పొడవుగా కనిపిస్తుంది.

బొందుతో ఇంకో తంటా ఉంది, ఇది సోకు గురించి కాదు. సన్నటి బొందును రోజూ ఒకే చోట బిగించి, దాని మీద బరువైన చీర దోపుకుంటే చర్మం నల్లబడుతుంది, పొరలు లేస్తుంది, కొందరికి పుండవుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల పాటు మానని అలాంటి పుండు చర్మ క్యాన్సరుగా మారిన ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల కేసులను 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. అది అరుదే. అయినా బొందు గీత దగ్గర రెండు మూడు వారాలకూ మానని పుండు ఉంటే పసుపు రాసి ఊరుకోకుండా చర్మం డాక్టరుకు చూపించాలి. బొందు వదులు చేసుకోవడం, ముడి చోటు మార్చడం, వెడల్పు పట్టీకి మారడం ఈ రోజే చేయగల పనులు.

ఇక షేప్‌వేర్. పెట్టె మీద బొమ్మ చూసి కొనేది ఎక్కువగా ఇదే. నైలాన్ గానీ పాలిస్టర్ గానీ, దాంట్లో సాగే స్పాండెక్స్ కలిపి అల్లిన గొట్టంలాంటి లంగా, మోకాళ్ల కింద చేపతోకలా విచ్చుకుంటుంది. దీని మంచి ముందు. నడుము నుంచి తొడల దాకా ఒక్క ముడత ఉండదు, చీర ఒంటికి అంటుకుని పడుతుంది. జార్జెట్, క్రేప్ లాంటి జారుడు చీరల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఏసీ ఉన్న కల్యాణ మండపంలో సాయంత్రం రిసెప్షన్‌కు ఇది చాలినంత.

చెడు ఎక్కడంటే, సైజు ఎంచుకోవడంలోనే. చాలామంది సన్నగా కనిపించాలని ఒక సైజు తగ్గించి తీసుకుంటారు. బిగుతు గుడ్డ కొవ్వును కరిగించదు, జరుపుతుంది. నడుము పట్టీ కింద నొక్కినదంతా పట్టీ పైన, రవికకూ చీరకూ మధ్య తేలుతుంది. కప్పుకోవాలనుకున్న చోటే బయటపడుతుంది. పైగా గుండ్రటి పొట్ట మీద బిగుతు పట్టీ నిలవదు, సన్నగా ఉన్న చోటు వెతుక్కుంటూ చుట్టలా దొర్లి పోతుంది. చీర దోపులన్నీ దానితోపాటే పోతాయి. కాబట్టి నడుము కొలతతో కాకుండా సీటు కొలతతో కొనండి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే. ఎక్స్ఎల్, ట్రిపుల్ ఎక్స్ఎల్ అన్న అక్షరాలను నమ్మొద్దు, ఒక కంపెనీ ట్రిపుల్ ఎక్స్ఎల్ ఇంకో కంపెనీ డబుల్‌కు సమానం కావచ్చు. పెట్టె వెనక అంగుళాల పట్టిక ఉంటే అది చూడాలి, లేకపోతే పెట్టె విప్పించి కొలవాలి. విప్పనివ్వని అంగడిలో కొనకపోయినా నష్టం లేదు. పట్టీ కనీసం మూడంగుళాల వెడల్పుతో, లోపలి అంచున సిలికాన్ గీతతో ఉంటే దొర్లడం తగ్గుతుంది.

పక్క చీలిక మోకాలి దాకా లేని రకం మన వాడకానికి పనికిరాదు. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కలేరు, బండి మీద ఒక పక్కకు కూర్చోవడమూ కష్టమే. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట జరుగుతుంది, జనంలో బాసింపట్టు వేసుకుని నేల మీద గంటల కొద్దీ కూర్చోవాలి. చేపతోక లంగాతో ఆ కూర్చోవడం మోకాళ్లకు శిక్ష. బాత్రూముకు వెళ్లాలన్నా గొట్టమంతా పైకి చుట్టుకోవాలి, చీర మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే నీళ్లు తాగడం మానేసే వాళ్లున్నారు, ఆ ఎండల్లో అది ప్రమాదం. చెమట పీల్చని అల్లిక కాబట్టి పగటి ముహూర్తానికి కట్టుకుంటే నడుము చుట్టూ చెమటకాయలు ఖాయం.

ఇంకో అపోహ: షేప్‌వేర్ వేసుకుంటే తొడలు ఒరుసుకోవని. రెండు తొడలూ ఒకే గొట్టంలో ఉంటే ఎందుకు ఒరుసుకోవు? ఏ లంగా కట్టినా లోపల మోకాలికి నాలుగంగుళాలు పైదాకా వచ్చే నూలు లైక్రా షార్టు ఉంటేనే ఆ మంట తప్పుతుంది. ఇది చిన్న ఖర్చు, పెద్ద సుఖం. పిన్నీసు పెడితే అల్లిక పోగు తెగి రంధ్రం పాకుతుంది, రెండు పొరలున్న పట్టీకే గుచ్చాలి. ఉతకడం చన్నీళ్లలో, పిండకుండా. వేడినీళ్లు, ఇస్త్రీ, మిట్టమధ్యాహ్నం ఎండ ఈ మూడూ స్పాండెక్స్‌ను చంపేస్తాయి, ఆ తర్వాత సాగుతుంది గానీ వెనక్కి రాదు.

కుట్టించే లంగా దగ్గరికి వద్దాం. కొలత తప్పుగా తీసుకుంటే ఇదీ మామూలు లంగాయే అవుతుంది కాబట్టి కాస్త నిదానం కావాలి.

కొలత పలచటి గుడ్డ మీదే తీయాలి, చుడీదార్ టాపు మీద కాదు. మీరు చీర ఎక్కడ కట్టుకుంటారో అక్కడ, అంటే బొడ్డుకు పైనో కిందో మీ అలవాటు చోట, ఒకసారి నిలబడి, ఒకసారి కుర్చీలో కూర్చుని. నిండు పొట్టకు ఈ రెండింటికీ రెండు అంగుళాల తేడా తేలిగ్గా వస్తుంది. నిలబడిన కొలతకే కుడితే భోజనం పంక్తిలో ఊపిరాడదు. తర్వాత సీటు చుట్టు, నడుము నుంచి సీటు దాకా దూరం, చివరగా పొడవు. పొడవు మీరు వేసుకునే చెప్పులతో తీసి, చీర అంచుకు ఒక అంగుళం పైన ఆపాలి.

ఉదాహరణకు నిలబడితే 42, కూర్చుంటే 44, సీటు 50, పొడవు 39. ఆరు కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసే నిలువు ముక్కల) లంగా చెప్పండి. నాలుగు కలీలతో గుడ్డ మిగులుతుందని టైలర్లు అంటారు, కానీ వంపులు తక్కువై సీటు దగ్గర పట్టేస్తుంది. పట్టీ చుట్టు 46 పెట్టుకుంటే ఒక్కో కలీ పైన ఏడుముప్పావు, రెండు పక్కలా కుట్టుకు అర అంగుళం చొప్పున కలిపి ఎనిమిదిముప్పావు. కింద ఘేరు (అడుగు అంచు చుట్టుకొలత) 96 రావాలంటే కలీ అడుగున 16, కుట్టుతో 17. సీటు దగ్గర దానంతటదే 50 దాటి వదులు వస్తుంది. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) పాప్లిన్‌లో కలీలను తలకిందులుగా మార్చి మార్చి పరిస్తే వరసకు మూడు పడతాయి, రెండు వరసలూ పట్టీ కలిపి రెండున్నర మీటర్లు చాలు. 36 పన్నా అయితే వరసకు రెండే, మూడుంపావు మీటర్లు తీసుకోవాలి. కత్తెర పడక ముందు గుడ్డ రాత్రంతా నీళ్లలో నానాలి. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకుకే పొడవూ నడుమూ రెండూ కుంగుతాయి, అప్పుడు టైలరును తిట్టి లాభం లేదు.

అసలు పనితనం పట్టీలో ఉంది. రెండున్నర అంగుళాల వెడల్పు, రెండు మడతల గుడ్డ, లోపల బుక్రమ్ అనే గట్టి గుడ్డ వద్దు (కూర్చుంటే పొట్టలో గుచ్చుతుంది). ముందు భాగం పూర్తిగా చదును. వెనక 18 అంగుళాల మేర మాత్రం ఒకటిన్నర అంగుళం వెడల్పు ఎలాస్టిక్‌ను 14 అంగుళాలే కత్తిరించి లాగి కుట్టించాలి. దాంతో 46 పట్టీ నిలబడితే 42కు దిగుతుంది, కూర్చుంటే 44కు సాగుతుంది. కుచ్చిళ్లు దోపే చోట గుడ్డ చదునుగా నిలుస్తుంది, బరువు రెండున్నర అంగుళాల మీద పంచుకుంటుంది. ఎడమ పక్క ఏడంగుళాల చీలిక, దాని కింద లోపలికి ఒక పట్టీ ముక్క, పైన రెండు ప్యాంటు హుక్కులు. హుక్కులు తగిలించే కొక్కేలను అంగుళం ఎడంలో రెండు వరసలు వేయిస్తే ఒళ్లు కాస్త అటూ ఇటూ అయినా లంగా పారేయక్కర్లేదు.

ఇవన్నీ చెప్పినా చాలామంది టైలర్లు అలవాటు కొద్దీ బొందు దూర్చేసి ఇస్తారు. "ఎలాస్టిక్కు ఆగదక్కా" అంటారు. చుట్టూ వేస్తే నిజంగానే ఆగదు, చీర బరువుకు కిందికి లాగుతుంది. వెనక మాత్రమే వేసి పక్కన హుక్కులతో బిగిస్తే ఆగుతుంది. కాగితం మీద గీసి ఇవ్వండి, నోటిమాట కత్తెర దాకా చేరదు. కుట్లకు ఇంటర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచుకు వేసే కుట్టు) ఉందో లేదో లంగా తిరగేసి చూసి తీసుకోండి.

పాప్లిన్ కాకుండా శాటిన్ కావాలనిపిస్తుంది, నునుపుగా ఉంటుందని. పట్టుచీర కింద శాటిన్ అంటే నూనె రాసిన బండ, దోపులు నిలవవు. నూలు మీద చీర పట్టుకుంటుంది. ఒంటిమిట్ట దగ్గరి మాధవరం నేత చీరల్లాంటి వాటికి నూలు లంగాయే జత. పలచటి తెల్లచీర కింద తెల్ల లంగా వేస్తే గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఒంటి రంగుకు దగ్గరిది తీసుకోవాలి. ముదురు మెరూన్, నీలం పాప్లిన్ కొనేటప్పుడు తడి చేసిన తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ రంగు చెమటతో పాటు మీ లేతరంగు పట్టుచీర నడుముకు ఎక్కుతుంది, డ్రైక్లీనింగులోనూ పోదు. నల్ల లంగా కడితే సన్నగా కనిపిస్తారన్న మాట వినిపిస్తుంటుంది. బయటికి కనపడని గుడ్డ రంగు ఎవరిని సన్నబరుస్తుందో చెప్పినవాళ్లకే తెలియాలి.

లంగా తెచ్చుకున్నాక చీరతో సహా కట్టి, నేల మీద బాసింపట్టు వేసి లేవండి, రెండు చేతులూ తల మీదికి ఎత్తండి, మెట్లు నాలుగు ఎక్కి దిగండి, కింద పడిన తాళంచెవి తీసుకోండి. ఇంతలో చెయ్యి ఒక్కసారి కూడా నడుము దగ్గరికి పోకపోతే అది మీ లంగా. పోయిందంటే ఎటు పోయిందో గుర్తుపెట్టుకోండి: పక్కకైతే చీలిక, ముందుకైతే పట్టీ చుట్టు, వెనక్కైతే ఎలాస్టిక్ పొడవు. టైలరుకు "సరిగ్గా లేదు" అనే బదులు ఆ చోటు చూపిస్తే అరగంటలో సరిచేస్తారు.

ఒకేసారి ఐదారు రంగులు కుట్టించొద్దు. ముందు ఒకటి కుట్టించి, మూడు సార్లు ఉతికి, రెండు పూటలు బయటికి కట్టుకుని వెళ్లి రండి. ఆ తర్వాత దాన్నే నమూనాగా టైలరు చేతిలో పెట్టి మిగతావి చెప్పండి.