కరోనా సాయం: అమెరికాలో చెక్కు, మన దగ్గర బియ్యం

కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వం జనానికి నేరుగా డబ్బే ఇచ్చింది. పెద్దవాళ్లకు తలా 1200 డాలర్ల వరకు, తర్వాత 600, 2021 మార్చి నుంచి 1400. అద్దె కట్టుకోవాలా, సరుకులు తెచ్చుకోవాలా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. మూడు విడతలకూ కలిపి 80 వేల కోట్ల డాలర్లు దాటింది, అదీ అప్పు తెచ్చే. 2020 మొదట్లో 23 లక్షల కోట్ల డాలర్లున్న జాతీయ రుణం 2021 మార్చికల్లా 28 లక్షల కోట్లు దాటింది. అయితే ఆ పెరుగుదలలో చెక్కుల వాటా సుమారు ఆరో వంతే.

మన దగ్గర మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేశారు. అసలు సాయం రేషన్ షాపులో దొరికింది. దాదాపు 80 కోట్ల మందికి, మనిషికి నెలకు 5 కిలోల బియ్యమో గోధుమలో ఉచితం. చేతికిచ్చిన డబ్బు ఇంత తక్కువైనా, పన్నుల రాబడి అంచనాలకు తగ్గి, ఖర్చు బాగా పెరిగి 2020-21లో కేంద్రం ద్రవ్యలోటు (రాబడికి మించి చేసిన ఖర్చు) జీడీపీలో 9 శాతం దాటింది.

బియ్యం ఇవ్వడం మంచిపనే. కానీ ఆ 500 మరీ తక్కువని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి కాలినడకన బయల్దేరిన వలస కూలీల రేషన్ కార్డులు చాలావరకు సొంతూళ్లలోనే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది చేతిలో డబ్బు.