జగదాంబ కూడలి దగ్గరి పాత రికార్డుల దుకాణం

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ గొంతును ఇప్పటికీ మరువలేని వారు విశాఖలో జగదాంబ కూడలి వెనుక సందులోని ఈ దుకాణానికి తప్పక వెళ్ళాలి. నేను ఎంచుకున్న క్వీన్ బృందం రికార్డును యజమాని మెత్తని గుడ్డతో తుడిచి, చిన్న గీత ఎక్కడుందో తానే చూపించి, రెండు వైపులా వినిపించాకే ధర చెప్పారు. మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్న ఆ గాయకుడు తనకు ఎయిడ్స్ ఉందని 1991 నవంబరు 23న ప్రకటన విడుదల చేసి, మర్నాడే 45 ఏళ్ళ వయసులో కన్నుమూసినప్పుడు, ఆ జబ్బు పేరెత్తితేనే జనం ముఖం తిప్పుకునే రోజులు కావడంతో, ఇంట్లో నేను పైకి ఏడవలేకపోయాను. ఆ సంగతి చెబితే ఆయన ఏమీ అనకుండా, సూదిని మళ్ళీ మొదటి పాట మీద పెట్టారు. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. వానాకాలంలో గుమ్మం ముందు నీళ్ళు నిలుస్తాయి. ధర మాత్రం న్యాయంగానే ఉంది.