ఆర్మర్డ్ కోర్ 6: ఓడిన ప్రతిసారీ గ్యారేజీ దారి

ముక్కలు కూర్చి కట్టుకున్న రోబోలతో పోరాడే వీడియోగేముల వరుస ఆర్మర్డ్ కోర్‌లో 2013 నాటి వెర్డిక్ట్ డే తరువాత పదేళ్ళపాటు మరో ఆట రాలేదు. ఈలోగా దాన్ని తయారుచేసే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కత్తులు, డ్రాగన్లు ఉన్న ఆటలతో లోకమంతటా పేరు తెచ్చుకోవడంతో, 2023 ఆగస్టు 25న ఆరవ భాగం ‘ఫైర్స్ ఆఫ్ రూబికాన్’ విడుదలయ్యేసరికి దానికోసం కాచుకుని ఉన్నవాళ్ళు రెండు వర్గాలయ్యారు. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన మొదటి ఆటనుంచీ భాగాలు బిగించుకుంటూ, బరువులు లెక్కవేసుకుంటూ వచ్చిన పాతకాపులు ఒకవైపు. ఈ వరుస పేరైనా వినకుండా, ఆ సంస్థ ఆటల్లోని బాసులంటే, అంటే మిషన్ చివర ఎదురయ్యే భారీ శత్రువులంటే, మోజుతో వచ్చిన కొత్తవాళ్ళు మరొకవైపు. ఈ ఆట మీద నేటికీ వినిపించే అభిప్రాయాల్లో చాలా భాగం ఈ రెండు వర్గాల మధ్య వాదమే. విడుదలైనప్పటినుంచీ అడపాదడపా ఆడుతూనే ఉన్న నాకు ఇద్దరి మాటలోనూ సగం నిజం కనబడుతుంది. ఈ ఆట వేళ్ళ చురుకుదనాన్ని ఎంత పరీక్షిస్తుందో, రోబోను కూర్చుకునే గ్యారేజీలో తీసుకునే నిర్ణయాలను అంతకు రెండింతలు పరీక్షిస్తుంది. ఆ సంగతి ఒప్పుకున్నవాళ్ళకు ఇది ఎంత రుచిస్తుందో, ఒకే యంత్రంతో చివరిదాకా నెట్టుకురావాలనుకునేవాళ్ళకు అంత విసుగు పుట్టిస్తుంది.

తల, మొండెం, చేతులు, కాళ్ళు, లోపల బూస్టరు, గురిచూసే ఎఫ్‌సీఎస్, జనరేటరు, ఆపైన రెండు చేతులకూ రెండు భుజాలకూ ఒక్కో ఆయుధం: ఏసీ అని పిలిచే ఈ రోబోను ఇలా ముక్కముక్కగా మనమే కూర్చుకోవాలి. ప్రతి ముక్కకూ బరువుంటుంది, అది లాగే విద్యుత్తుకు లెక్క ఉంటుంది. జనరేటరు ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ శక్తి కోరే భాగాలు తగిలిస్తే అసలు బయలుదేరనివ్వదు; చేతులు మోయగలిగినదానికి మించిన తుపాకులు పట్టిస్తే గురి తప్పుతుంది. కాళ్ళ ఎంపికతో ఆట తీరే మారిపోతుంది. మామూలు రెండు కాళ్ళు అన్నిటికీ మధ్యస్థంగా పనికివస్తే, పక్షిలాగా వెనక్కి మడిచిన కాళ్ళు ఎత్తుకు ఎగరడానికి, నాలుగు కాళ్ళు గాలిలో నిలిచి కిందికి కాల్చడానికి, ట్యాంకు చక్రాలు ఎదురుదెబ్బలను లెక్కచేయకుండా ముందుకు తోసుకుపోవడానికి ఉపయోగపడతాయి. నాలుగు కాళ్ళ యంత్రంతో దాటిన మిషన్నే ట్యాంకుతో మళ్ళీ ఆడితే, అదే పటం మీద వేరే ఆట ఆడుతున్నట్టు ఉంటుంది.

మొదటి మిషన్ చివర ఎదురయ్యే భారీ హెలికాప్టరు గురించి కొత్తవాళ్ళు పెట్టిన గగ్గోలు అంతా ఇంతా కాదు. అప్పటికింకా గ్యారేజీ తెరుచుకోదు, చేతిలో ఉన్న యంత్రంతోనే దాన్ని కూల్చాలి. దూరంగా నిలబడి రైఫిలుతో గీకుతూ ఉంటే ఎంతసేపటికీ పడదు. అసాల్ట్ బూస్ట్‌తో నేరుగా దాని ముఖం మీదికి దూసుకుపోయి ఎడమచేతి పల్స్ కత్తితో నరికితే త్వరగానే ముగుస్తుంది. దూరం జరిగి బతకాలన్న అలవాటును ఆట మొదటి అరగంటలోనే విరిచేస్తుంది, అది అవసరం కూడా.

అసలు గోడ మొదటి అధ్యాయం చివర వచ్చే బాల్టియస్. ఒంటిచుట్టూ పల్స్ కవచం వేసుకుని, వలయంలా అమర్చిన క్షిపణులను ఒక్కసారిగా విడిచే ఈ బాసు దగ్గరే చాలామంది ఆట పక్కన పడేశారు. ఆ క్షిపణులు రెండు పక్కలనుంచి వంపు తిరిగి వచ్చి మన మీద కలుస్తాయి. వెనక్కి తగ్గితే అన్నీ తగులుతాయి, అవి కలిసేలోపే వాటి కిందుగా ముందుకు దూకితే చాలావరకు వెనకాల పడిపోతాయి. మామూలు తూటాలతో కవచం చాలా నెమ్మదిగా కరుగుతుంది, అదే ఒక చేతికి పల్స్ గన్ తగిలించుకుంటే చూస్తుండగానే పగిలిపోతుంది. కవచం పగిలిన ఆ కొద్ది క్షణాల్లో, మరో చేతిలోనూ భుజాల మీదా ఉన్నదంతా కుమ్మరించాలి. రెండో దశలో అది మంటల కత్తిని అడ్డంగా తిప్పుతూ వస్తుంది కాబట్టి అప్పుడు పక్కకు కాక పైకి తప్పుకోవాలి. ఇదంతా తెలిశాక బాల్టియస్ ఒక పాఠంలాగా కనిపిస్తుంది. అయితే ఇక్కడ ఆట చేసిన అన్యాయం ఒకటుంది. ఓడిపోయాక చెక్‌పాయింట్ దగ్గరే యంత్రాన్ని మార్చుకునే వీలిచ్చారు గాని, అక్కడనుంచి దుకాణానికి వెళ్ళనివ్వరు. పల్స్ గన్ ముందే కొని ఉంచుకోనివాడు మిషన్ మొత్తం వదిలేసి బయటికి వచ్చి, కొనుక్కుని, మళ్ళీ మొదటినుంచీ రావాలి. మార్చుకుని చూడమని నేర్పే ఆటలో ఈ అడ్డు ఎందుకో ఇప్పటికీ అంతుబట్టదు.

వాదాలన్నిటికీ మూలం స్టాగర్ పద్ధతి. ప్రతి యంత్రానికీ తూలిపోకుండా నిలబెట్టే ఏసీఎస్ అనే వ్యవస్థ ఉంటుంది. దెబ్బలు తగిలేకొద్దీ దాని గీత నిండుతుంది, పూర్తిగా నిండగానే ఆ యంత్రం కొద్ది క్షణాలపాటు కదలలేక నిలిచిపోతుంది, ఆ వ్యవధిలో తగిలే దెబ్బకు మామూలుకంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఈ భాగానికి దర్శకత్వం వహించిన మసారు యామమురా అంతకుముందు అదే సంస్థ కత్తియుద్ధపు ఆట సెకిరోకు ప్రధాన గేమ్ డిజైనరు. అందులోని భంగిమ గీత ఇక్కడికి నడిచొచ్చిందనీ, తమ ఆటను వేరే ఆటగా మార్చేశారనీ పాతకాపుల ఫిర్యాదు. కొత్తవాళ్ళకు మాత్రం ఈ పద్ధతే ఆటను పట్టుకునే పిడి అయింది. ఎప్పుడు మీదపడాలో, ఎప్పుడు దాచుకోవాలో తెలిపే లయ ఒకటి ఏర్పడింది.

ఒంటరిగా మిషన్లు ఆడేటప్పుడు ఆ లయ అద్భుతంగా పనిచేస్తుందన్నది నా అనుభవం. కుడిచేతి షాట్‌గన్‌తో గీత దాదాపు నింపి, భుజం మీది గ్రెనేడుతో మిగిలింది నింపి, శత్రువు తూలిన మరుక్షణం ఎడమచేతి పైల్‌బంకర్‌ను, అంటే మేకులా గుచ్చే ఆయుధాన్ని, బిగించి ఛాతీలో దిగ్గొడితే కలిగే తృప్తి ఈ తరహా ఆటల్లో మరెక్కడా నాకు దొరకలేదు. పైల్‌బంకర్ బిగించడానికి కొంత వ్యవధి పడుతుంది, దగ్గరికి పోయి నిలబడాలి, తప్పితే మనమే దొరికిపోతాం. స్టాగర్ లేకపోతే అంత మొరటు ఆయుధానికి ఆటలో చోటే ఉండేది కాదు.

చిక్కంతా మరోచోట ఉంది. గీతను త్వరగా నింపేదీ, నిండాక గట్టిగా కొట్టేదీ అని ఆయుధాలన్నీ రెండు కుప్పలయ్యాక, ఆ రెండు పనుల్లో దేన్నీ గొప్పగా చేయని తుపాకులు అటకెక్కాయి. తొలి వారాల్లో రెండు చేతుల్లోనూ జిమ్మర్‌మన్ షాట్‌గన్లు, భుజాల మీద సాంగ్‌బర్డ్స్ గ్రెనేడ్లు లేదా స్టన్ నీడిల్ లాంచర్లు పెట్టుకున్న యంత్రాలే ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపించాయి. సెప్టెంబరులో వచ్చిన మార్పుల్లో రైఫిళ్ళకూ మెషిన్‌గన్లకూ బలం పెంచారు, బాల్టియస్, సీ స్పైడర్, ఐబిస్ బాసులను కొంత మెత్తబరచారు. ఆ మెత్తబరచడం మీద కూడా గొడవ జరిగింది. ముందే కష్టపడి గెలిచినవాళ్ళు తమ విజయాన్ని ఎవరో చవక చేసినట్టు బాధపడ్డారు. నాకైతే ఆ బాధ అర్థం కాలేదు, బాల్టియస్ ఇప్పటికీ చేతకానివాణ్ణి ఊరికే పోనివ్వడు. తరువాతి ప్యాచ్‌లతో ఆయుధాల మధ్య తేడాలు ఇంకా తగ్గాయి, అయినా స్టాగర్‌ను పట్టించుకోని యంత్రం కట్టి నెగ్గుకురావడం మాత్రం నేటికీ తేలిక కాదు. పాతకాపుల ఫిర్యాదులో న్యాయముందని నేను ఒప్పుకునేది ఇక్కడే. భాగాల సంఖ్య చూసి కలిగే స్వేచ్ఛ, గట్టి ప్రత్యర్థి ఎదురైనప్పుడు కుంచించుకుపోతుంది.

వాళ్ళ మరో ఫిర్యాదు డబ్బు గురించి. మిషన్‌లో కాల్చిన తూటాల ఖర్చు, మరమ్మతు ఖర్చు వచ్చిన జీతంలోంచి కోసేయడం మొదటినుంచీ ఈ వరుసకు ఆనవాయితీ. మొట్టమొదటి ఆటలో అప్పు మితిమీరితే పైలటు మీద శస్త్రచికిత్స ప్రయోగాలు చేసి మళ్ళీ మొదటినుంచి పంపించేవారు. ఇందులో కోతలున్నాయి గాని వాటికి కోరల్లేవు. కొన్న భాగాన్ని కొన్న ధరకే తిరిగి అమ్ముకోవచ్చు. కూలికి పోరాడే సైనికుడి బతుకులోని బిగువు దీంతో సడలిందనేది నిజమే. అయితే రూపాయి నష్టం లేకుండా ఏ భాగాన్నైనా ప్రయత్నించి చూడగల వీలు లేకపోతే, ఓడినప్పుడల్లా యంత్రం మార్చుకోమనే ఈ ఆట ఎవరికీ మింగుడుపడేది కాదు. ఈ బేరంలో తయారీదారులు సరైన పక్షమే ఎంచుకున్నారని నా అభిప్రాయం.

కథ విషయంలో నేను ఎంత మాత్రం ఆశ పెట్టుకోలేదు, అక్కడే ఎక్కువ దొరికింది. రూబికాన్ 3 అనే గ్రహం మీద కోరల్ అనే పదార్థముంది, అర్ధశతాబ్దం కిందట అది మండి చుట్టుపక్కల నక్షత్ర మండలాలను కూడా కాల్చేసింది. మళ్ళీ అది దొరుకుతోందన్న వార్తతో బలాం, ఆర్కీబస్ అనే రెండు కంపెనీలు వచ్చి కొట్టుకుంటుంటే, ఆ గ్రహంవాసులు విమోచన దళం కట్టి ఎదురు తిరుగుతుంటారు. మనం ఆ మధ్యలో ఎవరు జీతమిస్తే వారికోసం కాల్చే 621 అనే అంకె. ఆటంతటిలో మనిషి ముఖం ఒక్కటీ చూపించరు, పాత్రలన్నీ గొంతులుగానే, చిహ్నాలుగానే పరిచయమవుతాయి. అయినా తన దగ్గరున్న మరమనిషిలాంటి 621తో ముక్తసరిగా మాట్లాడే, దానికి పనులు అప్పగించే యజమాని వాల్టర్ గొంతులో చివరికి వచ్చేసరికి ఎంత ఆర్ద్రత ఉందో గుర్తుపడతాం. నిన్న మనతో కలిసి పోరాడి, మనల్ని నేస్తం అని పిలిచిన రస్టీ ఎదురు నిలబడినప్పుడు ట్రిగ్గరు నొక్కడానికి వేలు సందేహిస్తుంది. ముఖాలు లేని కథ అతుక్కోదని అనేవాళ్ళున్నారు. మిషన్ల మధ్య వచ్చే సందేశాలను దాటవేసేవారికి అతుక్కోదు, నిజమే.

మిషన్ల కూర్పులో ఎత్తుపల్లాలున్నాయి. రెండు నిమిషాల్లో ముగిసే చిల్లర పనులు కొన్ని ఉన్నాయి, వాటికి చెప్పుకోవలసిందేమీ లేదు. కాని మంచుపురుగును కూల్చే మిషన్ మాత్రం ఈ ఆటకు శిఖరం. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవాళ్ళంతా ఆ ఒక్క పూట ఏకమవుతారు. మంచు చీల్చుకుని కొండంత యంత్రపురుగు పైకి లేచినప్పుడు దాని ముఖానికి గురిపెట్టి స్టన్ నీడిల్ కొట్టడం మన పని. పై కవచం పోగానే దూరంనుంచి రస్టీ రైల్‌గన్ పేలుస్తాడు. అది కూలబడగానే అందరూ కలిసి కుమ్మేస్తారు. తరువాత చెరనుంచి తప్పించుకునే మిషన్‌లో, ఇంతకాలం ముద్దుగా కూర్చుకున్న యంత్రం లాక్కుని, తుక్కుతో అతికించిన రోబోను చేతిలో పెడతారు. గ్యారేజీ విలువ తెలిసేది ఆ నడకలోనే.

కంట్రోలరు మీద నాలుగు ఆయుధాలకు నాలుగు భుజపు మీటలు పోవడంతో కుడి బొటనవేలు బొత్తాములకూ కెమెరాకూ మధ్య పరుగులు తీస్తుంది. శత్రువును లాక్ చేసే సదుపాయం వాడితే ఆ భారం చాలావరకు తగ్గుతుంది, కాకపోతే గుంపులో ఒకడిమీదే చూపు ఇరుక్కుపోతుంది. బొత్తాములను ఎవరికి వారు మార్చుకోవచ్చు కాబట్టి ఇది పెద్ద లోపంగా లెక్కించను.

ఇతరులతో పోరాడే నెస్ట్‌లో ఒకరితో ఒకరు, ముగ్గురితో ముగ్గురు తలపడే ఏర్పాట్లున్నాయి; ర్యాంకులతో జతకూర్చే పద్ధతి 2023 డిసెంబరు ప్యాచ్‌తో గాని రాలేదు. కథ మిషన్లను ఇద్దరు కలిసి ఆడే వీలు అసలే లేదు. దీనికోసమే కొనదలచినవాళ్ళు ఆ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

ఆట ఒక్కసారి ముగిస్తే సగమే చూసినట్టు. రెండోసారి మొదలుపెట్టగానే ఆనకట్ట మీద దాడి మిషన్‌లో విమోచన దళం రెట్టింపు జీతం ఆశపెట్టి పక్కవాళ్ళ మీదికే తుపాకి తిప్పమంటుంది; మూడోసారి ఆల్‌మైండ్ అనే యంత్రవ్యవస్థ అసలు రంగు బయటపడే కొత్త మిషన్లు, మూడో ముగింపు వస్తాయి. వీటి మధ్య మార్పులేని పాత మిషన్లు కూడా మళ్ళీ ఆడాల్సి రావడం చాలామందికి నచ్చలేదు, నాకూ రెండో పర్యాయం మధ్యలో కొంత నీరసం వచ్చింది. మూడోసారి నేను గెలిపించిన యంత్రాన్ని పక్కనపెట్టి, అటకెక్కిన తుపాకులనే ఏరి ఏరి తగిలించుకుని ఆ పాత మిషన్లకు వెళ్ళాను. గ్రిడ్ 086 అడుగున తిరిగే స్మార్ట్ క్లీనర్ ఎదురుగా నోరు తెరుచుకుని వస్తుంటే, దాని నెత్తిమీది పొగగొట్టంలోకి నాలుగు కాళ్ళ మీద తేలుతూ బజూకా గుండ్లు జారవిడవచ్చని తెలిసింది ఆ విడతలోనే.